క్లచ్ బరువెక్కింది

మార్చి 3, సోమవారం

చిలక క్లచ్ బరువెక్కింది.

పొద్దున్న డ్రైవింగ్ స్కూలుకు బయల్దేరే ముందు, వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పుకొద్దామని షెడ్డులోంచి బయటికి తీశాను. మొదటి గేరుకే పెడల్ పేచీ పెట్టింది. సగం దాకా దిగి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, ఆ తర్వాత దయతలచినట్టు కిందికి వెళ్ళింది. మలుపు దగ్గర మళ్ళీ తొక్కితే ఎడమ తొడ వణికింది. పెడల్‌ని క్లచ్‌కి కలిపే వైరు లోపల ఎక్కడో పట్టేస్తోందన్నమాట. ఇంత వయసొచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి ఆ మాత్రం అలకలు ఉంటాయి. పచ్చ రంగు ఒళ్ళు, ఎర్ర సీట్లు చూసి మా ఆవిడే దానికి చిలక అని పేరు పెట్టింది. పేరు పెట్టిందే గాని ఏనాడూ ముచ్చటపడి ఎక్కింది లేదు.

నెలాఖరు ఆదివారం కొండ పరుగు. పాత కార్ల వాళ్ళందరం వరసగా కొండ పైకి వెళ్ళి వస్తాం. అన్నిటికన్నా ముందుండే కారు ఎప్పుడూ నాదే. ఈలోగా వైరు సంగతి చూడాలి.

బావమరిదికి చెప్పకూడదు. చెప్తే వాడికి పండగే. వాడి గ్యారేజీకి వచ్చిన ప్రతి పాత కారుకీ క్లచ్ వైరు పీకేసి హైడ్రాలిక్ బిగించడమే వాడి మతం. నా బొందిలో ప్రాణం ఉండగా చిలక జోలికి రానివ్వను.

మార్చి 4, మంగళవారం

వైరుకి నూనె పెట్టాను. తేడా ఏమీ లేదు. నూనె పాతది కాబోలు.

మార్చి 6, గురువారం

ఇవాళ నలుగురు శిష్యులు. ముగ్గురు పరవాలేదు. నాలుగో ఆవిడ మందుల షాపావిడ. స్టీరింగు పట్టుకుంటే వేళ్ళు తెల్లబడిపోతాయి. క్లచ్ వదలమంటే ఊపిరి వదులుతుంది, క్లచ్ మాత్రం వదలదు. అయినా మానకుండా వస్తోంది. రాత్రిపూట అర్జెంటుగా మందులు కావాలని ఎవరైనా ఫోన్ చేస్తే తనే తీసుకెళ్ళి ఇవ్వాలని ఆవిడ కోరిక. అది విన్నప్పటి నుంచి ఆవిడ మీద అరవడం కొంచెం తగ్గించాను.

స్కూలు మెట్ల మీద ఎడమ చెప్పు జారి కింద పడింది. ఆ మెట్లు ఎవడు కట్టాడో గాని ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

సాయంత్రం అన్నం తింటూ మా ఆవిడ తన కళ్ళద్దాల షాపు కబురొకటి చెప్పింది.

"ఇవాళ ఒక పెద్దాయన వచ్చాడండీ. బోర్డు మీద అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. నాకెందుకో అనుమానం వచ్చి బోర్డు మార్చాను. మార్చినా ఆ పాత అక్షరాలే చదివాడు!"

నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. "అలాంటివాళ్ళని పట్టుకుని లోపల వెయ్యాలి. రోడ్డు మీద మనుషులు తిరగాలా వద్దా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "పాపం, లైసెన్సు పోతుందని భయం" అంది.

భయపడేవాడు ఇంట్లో కూర్చోవాలి గాని, ఇదేం చోద్యం.

మార్చి 8, శనివారం

మధ్యాహ్నమంతా చిలక కింద పడుకున్నాను. పాత వైరు తీసి, ఎప్పటి నుంచో దాచుకున్న కొత్త వైరు వేశాను. పాతదాన్ని ఎండలో పెట్టి, అద్దాలు పెట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో తడిమాను. ఒక్క పోగైనా తెగి ఉంటుందని నా లెక్క. ఎక్కడా తెగలేదు. తుప్పు కూడా లేదు. కడిగి తుడిస్తే ఇంకెవరికైనా అమ్మొచ్చు, అంత శుభ్రంగా ఉంది.

కొత్త వైరు బిగించి సీట్లో కూర్చుని తొక్కాను.

బరువుగానే ఉంది.

కొత్త వైరు కదా, బిగువుగా ఉంటుంది. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది.

కారు కింద నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. చక్రం పట్టుకుని లేచి నిలబడేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. "కాఫీ చల్లారిపోయింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 9, ఆదివారం

మా పాత కార్ల సంఘం సమావేశం. ఎప్పటిలాగే వైరు పార్టీకీ నూనె పార్టీకీ రభస. హైడ్రాలిక్‌లో పోసేది నూనె కాదని బావమరిది ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ పేరు నేనే పెట్టాను, అదే నిలిచిపోయింది.

వాడు టీ కప్పు పట్టుకుని మొదలెట్టాడు. "వైరంటే ఏముంది, గొట్టంలో ఇనపతీగ. రాసుకుంటుంది, సాగుతుంది, వారానికోసారి నట్టు తిప్పుకుంటూ కూర్చోవాలి. మాది చూడండి. పెడల్ తొక్కితే ఒక సిలిండరు ద్రవాన్ని తోస్తుంది, రెండో చివర ఇంకో సిలిండరు క్లచ్‌ని నెడుతుంది. అరుగుదల ఎంతుంటే అంత అదే సర్దుకుంటుంది. కాలికి తెలియనే తెలియదు."

"అదే కదరా దాని రోగం! కాలికి తెలియదు" అన్నాను. ఈ వాదన నాకు నిద్రలో కూడా వస్తుంది. "లోపల రబ్బరు పోయేదాకా ఏమీ లేనట్టు ఉంటుంది. ఒకరోజు నడిరోడ్డు మీద పెడల్ అమాంతం నేలకి అంటుకుంటుంది. వైరు అలా చెయ్యదు. ముందు ఒక పోగు తెగుతుంది, తర్వాత ఇంకోటి. బరువెక్కుతుంది, గీరుకుంటుంది, పూటకో చాడీ చెప్తుంది. తెగేముందు చెప్పి తెగుతుంది. వినే కాలుండాలి, అంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. వాడు "నీ కాలికి దండం బావా" అని వంగి నా ఎడమ కాలికి నిజంగానే దండం పెట్టాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

లేవబోతుంటే ఆ కాలు మాట వినలేదు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. మా సంఘానికి పెద్ద అయిన పళ్ళ డాక్టరుగారు "ఏమైంది?" అన్నారు. "తిమ్మిరి" అన్నాను. అక్కడి కుర్చీలు మరీ ఎత్తు తక్కువ.

మార్చి 11, మంగళవారం

ఉపాయం దొరికింది. వైరు చివర నట్టు ఉంటుంది కదా, దాన్ని బాగా బిగించాను. ఇప్పుడు పెడల్‌ని కింద దాకా తొక్కక్కర్లేదు, పైన కొంచెం నొక్కితే చాలు, గేరు పడిపోతోంది. ఇన్నాళ్ళూ ఈ బుర్ర ఏమైందో.

పెడల్‌కి పైన కాస్త వదులు ఉండాలని శిష్యులకి నేనే చెప్తాను. ఆ వదులు పోతే క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతుంది. కాని కొన్నాళ్ళకేం కాదు. కొండ పరుగు అయ్యాక మళ్ళీ వదులు చేస్తాను.

బాగుంది. ఇప్పుడు బాగుంది.

మార్చి 13, గురువారం

చెప్పు మళ్ళీ జారింది. వీధిలో నాలుగు అడుగులు చెప్పు లేకుండానే నడిచాను. వెనక వచ్చే ఆయన తెచ్చి ఇచ్చేదాకా నాకు తెలియలేదు.

చెప్పులు మార్చాలి.

మార్చి 14, శుక్రవారం



పెద్ద కూడలి దగ్గర ఎర్ర దీపం. మందుల షాపావిడ ఆపాలి. ఆవిడ కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కింది. ముందు ఒక సైకిలాయన. ఇలాంటి సమయం కోసమే నా వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. కుడి కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఎడమ కాలు క్లచ్ మీదికి వెళ్ళాలి. వెళ్ళింది. నాకు వెళ్ళినట్టే ఉంది. కాని ఇంజను అలాగే తోస్తోంది, కారు ఎగిరెగిరి పడుతోంది, బంపరు వెళ్ళి సైకిలు వెనక చక్రానికి తగిలింది. ఆయన పక్కకి పడ్డాడు.

మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. లేచి దులుపుకుని మమ్మల్ని తిట్టాడు. తిట్టేంత ఓపిక ఉన్నందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆవిడ నా వైపు తిరిగి, "సార్, మీ వైపు క్లచ్ దిగలేదు. నేను చూశాను. మీ కాలు పెడల్ పక్కన పడింది" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఏది బ్రేకో ఏది యాక్సిలరేటరో తెలియనివాళ్ళు నా కాలి సంగతి చెప్పేదాకా వచ్చారా అన్నాను. ఈ జన్మలో మీకు కారు రాదు అన్నాను. ఆవిడ దిగి, తలుపు మెల్లగా వేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తప్పు ఆవిడదే. యాక్సిలరేటర్ తొక్కింది ఆవిడే కదా. తప్పు ఆవిడదే.

క్లచ్ తొక్కలేనివాడికి ఈ సీట్లో కూర్చునే హక్కు లేదని కొత్తగా చేరిన మాస్టర్లకి చెప్పేది నేనే. ఈ కాలికి నిజంగా ఏదైనా అయితే ఉద్యోగం పోయినట్టే. నాకు ఇంకో పని రాదు.

ఏం రాస్తున్నాను. కాలికేమీ కాలేదు.

మార్చి 15, శనివారం

మందుల షాపావిడ రాలేదు.

మార్చి 16, ఆదివారం

కొండ పరుగుకి ముందు చిలకని ఒకసారి కొండ ఎక్కించి చూద్దామని బయల్దేరాను. ఇగ్నిషన్ తాళం తిప్పుతుంటే మా ఆవిడ చెప్పులేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"ఏమిటీ ఈ వింత?" అన్నాను.

"ఎప్పుడూ మీరూ మీ చిలకేనా? నాకు మాత్రం గాలి తగలొద్దూ?"

ముచ్చటేసింది. ఇన్నేళ్ళకి ఈవిడకి కారు మీద ప్రేమ పుట్టిందనుకున్నాను. ఒక్కటే చిరాకు. దారి పొడుగునా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద పెట్టుకుని కూర్చుంది. "తియ్యి, గేరు మార్చడానికి అడ్డం" అంటే తీస్తుంది, మళ్ళీ అక్కడే పెడుతుంది. ఒట్టి పిరికిది.

రెండో మెలికదాకా బాగానే ఎక్కాం. ఆ తర్వాత ఇంజను అరుస్తోంది గాని కారు సాగడం లేదు. మాడు వాసన. క్లచ్ జారుతోంది. గేరు తగ్గిద్దామని పెడల్ మీద కాలు వేస్తే కాలు పక్కకి జారిపోయింది, ఇంజను ఆగిపోయింది, కారు వెనక్కి కదిలింది. వెనక రోడ్డుకి అంచు ఉంది, అంచుకి గోడ లేదు. ఒక్క క్షణం నా రెండు కాళ్ళలో ఏది ఎక్కడుందో నాకు తెలియలేదు.

కిర్రుమని కారు ఆగింది. మా ఆవిడ రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకుని ఉంది.

"ఎవరు లాగమన్నారు నిన్ను? నేను బ్రేకు తొక్కబోతున్నాను కదా!" అని గయ్యిమన్నాను.

"సరే, మీరు తొక్కబోతున్నారు" అంది. బ్రేకు మాత్రం వదల్లేదు.

బావమరిది లారీ వేసుకుని వచ్చి కారుని గ్యారేజీకి లాక్కెళ్ళాడు.

ఇప్పుడు తెలిసిపోయింది కదా. క్లచ్‌దే తప్పు. వాసన ముగ్గురం చూశాం.

మార్చి 17, సోమవారం

ఇవాళ ఆ మాట అనేశాను. గ్యారేజీకి వెళ్ళి, గోడకి వేలాడే స్పానర్లు చూస్తున్నట్టు నిలబడి, "ఒరే, ఆ వైరు పీకేసి హైడ్రాలిక్ పెట్టెయ్" అన్నాను.

ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఊరంతా టముకు వేస్తాడనుకున్నాను. ఆ ఎగతాళికి ఏం జవాబు చెప్పాలో దారి పొడుగునా తయారుచేసుకుని మరీ వెళ్ళాను.

వాడు నవ్వలేదు. మోకాళ్ళ మీద ఉన్నవాడు లేచి నా ముఖం చూశాడు.

"ఏమైంది బావా?"

"ఏమవుతుంది? నువ్వే గెలిచావు, పో. పండగ చేసుకో."

"ఇన్నేళ్ళ నుంచి నీ నోట ఈ మాట వినాలని చచ్చిపోయాను. తీరా వింటే నాకెందుకో బాగాలేదు." చిలక కిందికి చూపించాడు. "ఈ నట్టు ఎవరు బిగించారు? పెడల్‌కి వదులన్నదే లేదు. అందుకే క్లచ్ ప్లేటు మాడిపోయింది. ఇది నువ్వు చేసే పని కాదే?"

"దానంతటదే బిగుసుకుని ఉంటుంది" అన్నాను.

నట్టులు వాటంతటవి బిగుసుకోవు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "సరే బావా. సిలిండర్లు తెప్పిస్తాను. నువ్వు కూర్చో, టీ తాగు" అన్నాడు. వాడు నాతో అంత మర్యాదగా మాట్లాడటం నా పెళ్ళి తర్వాత ఇదే మొదటిసారి. ఆ మర్యాదకే నాకు గుండెల్లో రాయి పడింది.

మార్చి 18, మంగళవారం

హైడ్రాలిక్ వస్తే అన్నీ సర్దుకుంటాయి.

మార్చి 20, గురువారం

ఒంట్లో బాగాలేదని చెప్పి కారు క్లాసులు తప్పించుకున్నాను. గదిలో కూర్చుని రోడ్డు గుర్తులు చెప్పాను. బోర్డు ముందు నిలబడాలి కాబట్టి బల్లకి ఆనుకుని చెప్పాను. సాయంత్రం మా స్కూలు ఓనరు పిలిచి, మందుల షాపావిడ మానేస్తానని ఫోన్ చేసిందని చెప్పాడు.

"కారణం అడిగాను. తనకి కారు రాదట. మీరే చెప్పారట" అన్నాడు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంటికి వచ్చాక స్నానాలగదిలో తలుపు వేసుకుని, కుళాయి పట్టుకుని, కుడి కాలి మునివేళ్ళ మీద లేచాను. లేచాను. ఎడమ కాలి మీద ప్రయత్నించాను. మడమ నేల మీద నుంచి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాను.

నేల తడిగా ఉంది.

మార్చి 22, శనివారం

వీడి పనితనం మండిపోనూ!

మధ్యాహ్నం బావమరిది భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని గ్యారేజీకి వెళ్ళాను. వాడి ఎదురుగా తొక్కి చూడటం నాకిష్టం లేదు. పక్క తలుపు తెరిచే ఉంటుంది. చిలక ముందు మూత ఎత్తి ఉంది, లోపల ఏవేవో గుడ్డలు కప్పి ఉన్నాయి. అటు చూడలేదు. తిన్నగా వెళ్ళి సీట్లో కూర్చున్నాను. భయంగా ఉంది. పరీక్ష ఫలితాలు చూడటానికి వెళ్ళిన కుర్రాడిలా కాసేపు ఊరికే కూర్చున్నాను. అప్పుడు కాలెత్తి పెడల్ మీద పెట్టాను. కాలెత్తడానికే ప్యాంటు పట్టుకుని చేత్తో సాయం పట్టాల్సి వచ్చింది. సీటు లోతుగా ఉంటుంది కదా.

తొక్కాను. మొదట్లో కొంచెం తేలికగా అనిపించింది. తర్వాత అదే బరువు. అదే వణుకు. సగంలో ఆగిపోవడం కూడా అదే.

ఇదా వాడు ఇన్నేళ్ళుగా పొగిడిన హైడ్రాలిక్? వెన్నలా దిగుతుందన్నాడు! దీనికోసమా నేను అందరి ముందు తల దించుకోవాల్సింది? రేపు వెళ్ళి కడిగేస్తాను.

లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది. నూనె పార్టీ కూడా ఓడిపోయింది కదా. అన్ని క్లచ్‌లూ బరువే. అన్నీ ఇంతే.

మార్చి 23, ఆదివారం

వెళ్ళాను. కడిగేశాను. గ్యారేజీ గుమ్మంలో నిలబడే మొదలెట్టాను. "నీ హైడ్రాలిక్ సంగతి తేలిపోయిందిరా! వైరు ఎంత బరువో అదీ అంతే. ఇంత మాత్రం దానికి ఊళ్ళో కార్లన్నీ పాడుచేశావు!"

వాడు అయోమయంగా చూశాడు. "ఏ హైడ్రాలిక్ బావా?"

"నువ్వు బిగించిందే. నిన్న మధ్యాహ్నం నువ్వు లేనప్పుడు వచ్చి తొక్కి చూశాను."

చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"సిలిండర్లు ఇంకా రాలేదు బావా. వైరు మొన్ననే పీకేశాను. అది ఉత్త పెడల్. దానికి ఏమీ తగిలించలేదు."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది, కాని కాలేదు. "అబద్ధం" అన్నాను.

వాడు వెళ్ళి కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి, ఒక్క వేలితో పెడల్ నొక్కాడు. అది నేలదాకా వెళ్ళి, వేలు తీయగానే చిన్న స్ప్రింగు లాగి టక్కుమని పైకి వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది. అలా నాలుగైదుసార్లు నొక్కాడు, నా వైపు చూడకుండా. వాడు ఏడుస్తున్నాడని తర్వాత తెలిసింది.

"ఎప్పటి నుంచి బావా?"

"క్లచ్ బరువెక్కినప్పటి నుంచి" అన్నాను.

దానికి ఏమీ తగిలించలేదు.

మార్చి 24, సోమవారం

మా ఆవిడకి చెప్పాలని సాయంత్రమంతా గది గదీ తిరిగాను. ఆవిడ కూర తరుగుతోంది. చివరికి వంటింటి గడప మీద నిలబడి, "నా కాలు..." అన్నాను.

"తెలుసు" అంది. తరగడం ఆపలేదు.

"వాడు చెప్పాడా?"

"వాడు చెప్పేదేమిటి? రోజూ నా దగ్గరికి మీలాంటివాళ్ళే వస్తారు. కనపడనివి కనపడుతున్నాయని చదువుతారు. ఆ రోజు ఆ పెద్దాయన కబురు ఊరికే చెప్పాననుకున్నారా? అప్పటికే మీరు కాలీడుస్తున్నారు. అది విని మీరు చెప్తారేమోనని చూశాను. మీరు పొలమారేలా నవ్వారు."

"మరి తిన్నగా అడగొచ్చు కదా!"

"అడిగితే మెట్లు వంకరంటారు, చెప్పులు పాతవంటారు. మీ సంగతి నాకు కొత్తా?"

తెలిసి తెలిసి ఆ రోజు కొండ మీద నా పక్కన ఎలా కూర్చున్నావని అడిగాను.

"మీ కాళ్ళ మీద పడి వద్దన్నా ఆగేవారు కాదు. మీరు ఆపలేకపోతే ఎవరో ఒకరు ఆపాలి కదా" అంది. అప్పుడు కత్తి కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. గాలి తగలడం కోసం ఎక్కలేదన్నమాట. దారంతా ఆ చెయ్యి అక్కడ ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసింది. ఒట్టి పిరికిది అని ఆవిడ గురించి నేను రాసుకున్నాను. పేజీలు వెనక్కి తిప్పి చూశాను, నిజంగానే రాశాను.

నాకు సిగ్గుగా ఉంది. భయం ఇంకా ఎక్కువగా ఉంది. వైరు ముందే చెప్తుంది, వినే కాలుండాలి అని ఎన్నేళ్ళుగా ఉపన్యాసాలిచ్చాను! నా కాలు కూడా ముందే చెప్పింది. చెప్పు జారవిడిచి చెప్పింది, వణికి చెప్పింది, కూడలిలో ఒక మనిషిని కింద పడేసి చెప్పింది. నేను నట్టు బిగించాను.

మార్చి 27, గురువారం

డాక్టరు గుండు సూదితో కాలంతా గుచ్చాడు. మోకాలి కింద బయటి వైపు గుచ్చుతున్నాడని చూస్తే తెలిసింది గాని గుచ్చినట్టు తెలియలేదు. నడుము దగ్గర నరం నలుగుతోందట. ఫోటోలు తీయాలి, ఆపరేషన్ పడొచ్చు. బలం తిరిగి వస్తుందా అంటే, "ముందే వచ్చుంటే గట్టిగా చెప్పేవాణ్ణి" అన్నాడు. అప్పటిదాకా కారు ముట్టుకోవద్దన్నాడు.

స్కూలు ఓనరుకి కూడలి సంగతితో సహా అన్నీ చెప్పాను. గది క్లాసులు చెప్పండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత ఏమిటో ఇద్దరం అడగలేదు.

మందుల షాపావిడకి ఫోన్ చేశాను. "ఆ రోజు మీరు చూసిందే నిజమమ్మా. నా కాలు పెడల్ మీద పడలేదు. యాక్సిలరేటర్ తొక్కడం కొత్తవాళ్ళందరూ చేసేదే. దాన్ని ఆపడానికే నేను అక్కడ కూర్చున్నాను. ఆపలేకపోయాను. మీకు కారు రాదన్నది అబద్ధం" అన్నాను.

అవతల షాపులో ఎవరో ఏదో మాత్ర అడుగుతున్నారు.

"మీ కాలు చూపించుకున్నారా సార్?" అంది. చూపించుకున్నానన్నాను. "అయితే సోమవారం నుంచి వస్తాను. పక్కన ఎవరు కూర్చున్నా ముందు వాళ్ళ కాళ్ళు చూసుకుంటాను" అంది. అది ఎగతాళో కాదో తెలియలేదు. నాకు మాత్రం ప్రాణం కొంచెం లేచొచ్చింది.

మార్చి 30, ఆదివారం

కొండ పరుగు. పొద్దున్నే కార్లన్నీ మా వీధిలోంచే వెళ్ళాయి. పళ్ళ డాక్టరుగారు మా ఇంటి ముందు హారన్ కొట్టారు. నేను బయటికి వెళ్ళలేదు. చప్పుడు బట్టి ఏ కారు ముందు, ఏ కారు వెనక అని లెక్క వేసుకుంటూ మంచం మీద కూర్చున్నాను.

బావమరిది వెళ్ళలేదు. పది దాటాక వచ్చి మా ఇద్దర్నీ గ్యారేజీకి తీసుకెళ్ళాడు. మాడిన ప్లేటు మార్చేశాడు. సిలిండర్లు కూడా వచ్చాయి, పెట్టెలోనే ఉన్నాయి.

"ఏది పెట్టమంటావు బావా? ఈసారి నేనేమీ చెప్పను."

"ఆ వైరే పెట్టు" అన్నాను. "నేను బిగించిన నట్టు మాత్రం వదులు చెయ్యి."

వాడు వైరు తగిలించి కారు కిందికి దూరాడు. వదులు ఎంతుందో చూడాలంటే ఒకరు పైన పెడల్ తొక్కుతూ ఉండాలి. ఇక్కడ ఎవరి కారు కింద వాడు దూరినా ఇన్నేళ్ళూ ఆ కాలు నాదే. కింద నుంచి వాడు అలవాటు కొద్దీ "తొక్కు బావా" అన్నాడు. అని, నాలిక కరుచుకున్నట్టున్నాడు, స్పానర్ చప్పుడు ఆగిపోయింది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. మా ఆవిడ చెప్పులు విప్పి, చీర సర్దుకుని, డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆ సీట్లో ఆవిడని చూడటం నాకిదే మొదలు. తమ్ముడిని కాదు, నన్ను అడిగింది.

"తొక్కనా?"

"తొక్కు. ఎడమది. భయపడకు, కింద దాకా తొక్కాలి."

ఆవిడ బలమంతా కూడదీసుకుని, పెదవి కొరుక్కుని తొక్కింది. పెడల్ ఒక్క ఊపున నేలకి అంటుకుంది. ఆవిడ ఆశ్చర్యంగా నా వైపు తిరిగింది.

"ఇదేంటండీ, ఇంత తేలిగ్గా ఉంది!"

అనేశాక ఆవిడకి తెలిసింది. ముఖం అటు తిప్పేసుకుంది. కాలు మాత్రం తియ్యలేదు, పెడల్ కింద దాకా నొక్కే ఉంచింది.

"కొత్త వైరు కదా" అన్నాను. "తేలిగ్గానే ఉంటుంది."

అది ఆ శనివారం నేను వేసిన, బరువుగా ఉందన్న వైరే. ముగ్గురికీ తెలుసు.